ఎత్తిన చెయ్యి

"చేతులు."

పెద్దక్క ఆ ఒక్క మాటే అంది. వృద్ధుల శరణాలయం గేటు ముందు కాలేజీ పిల్లలంతా బడిపిల్లల్లా చేతులు చాచారు. ఆమె ఒక్కొక్క వేలూ పట్టుకుని చూసింది. గోరు కాస్త పెరిగి కనిపిస్తే చాలు, సంచిలోంచి కత్తెర తీసి అక్కడికక్కడే కత్తిరించేస్తుంది. ముసలి చర్మం తడిసిన కాగితంలాంటిది, గోరు తగిలితే చీరుకుపోతుంది. గోళ్ళకు రంగేసుకున్న అమ్మాయి ఒకతె "అయ్యో అక్కా, నిన్ననే వేసుకున్నా" అని గునిసింది.

"రంగు ఉండనీ తల్లీ, గోరే ఉండకూడదు" అంది పెద్దక్క, కత్తెర ఆడిస్తూనే.

వయసు అరవైకి దగ్గర పడుతున్నా కాలేజీలో అందరికీ ఆమె పెద్దక్కే. క్రైస్తవ విద్యార్థి సంఘం కార్యకర్త అని కాగితాల్లో రాసి ఉంటుంది. పని మాత్రం ఇదీ: శనివారం వచ్చిందంటే పిల్లల్ని ఇక్కడికి తోలుకురావడం, వాళ్ళ చేత ఒళ్ళు తుడిపించడం, పక్కలు మార్పించడం, ఆ తర్వాత వరండాలో కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పించడం. వయసులో ఉన్నప్పటి నుంచీ ఇదే పని. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక చిక్కలేదు" అంటుంది. ప్రార్థనా మందిరం వెనక ఒక గది, ఒక మంచం, మోకాళ్ళకు రాసుకునే తైలం సీసా, అంతే ఆమె సంసారం. ఆమె చేతి కింద పెరిగినవాళ్ళలో డాక్టర్లున్నారు, పాస్టర్లున్నారు, ఆమె ఎదురైతే రోడ్డుకి అవతలివైపు తప్పుకునేవాళ్ళూ ఉన్నారు. తప్పుకోరూ మరి! ఆమె ముందు వాళ్ళ పప్పులుడకవు.

వరండా కూడికకు ఆమె పెట్టిన షరతు ఒకటే. 'ఎంతో ఆశీర్వాదకరంగా ఉంది' అనే మాటను చెప్పులతో పాటు మెట్ల కిందే వదిలి రావాలి.

"మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు. అదే మన జబ్బు" అనేది. "కంపు కొడితే కంపు కొట్టిందనే చెప్పండి. ప్రభువుకి ముక్కు లేదనుకుంటున్నారా?"

ఈ ఏటి పిల్లల్లో అందరికంటే పొడుగైనవాడు, అందరికంటే గొంతున్నవాడు మైకు. పేరేదైతేనేం, ఆ గొంతుకు మైకు అక్కర్లేదని అదే పేరు ఖాయం చేశారు. పాస్టరుగారబ్బాయి. ప్రార్థన అందుకున్నాడంటే కిటికీ రెక్కలు కదలాల్సిందే. చదువు ఆఖరి ఏడాదిలో ఉంది. దాన్ని పూర్తి చెయ్యాలా, మానేసి దేవుని సేవలోకి దిగాలా అన్న సందేహం మూడు నెలలుగా వాణ్ణి తినేస్తోంది. ఒక సూచన ఇమ్మని ప్రభువును అడుగుతూ ఉపవాసాలుండి చిక్కి సగమయ్యాడు. ఆ సంగతి పెద్దక్కకు తెలుసు. తెలిసి జాలిపడేది కూడా.

వార్డులో కిటికీ పక్క మంచం డ్రైవరు తాతది. జన్మంతా బస్సు నడిపినవాడు. పక్షవాతం వచ్చి కుడిపక్కనీ మాటనీ పట్టుకుపోయింది. ఇక మిగిలింది ఎడమ చెయ్యి. ఆ చెయ్యెత్తాడంటే ఏదో కావాలని అర్థం. వార్డులో ఆయాకి తెలుసు, పెద్దక్కకూ తెలుసు.

ఆ రోజు తాత మంచం దగ్గర మైకు ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. పొద్దుటి నుంచీ నిలబడే ఉందేమో, పెద్దక్కకు కూడా కళ్ళు మూస్తే హాయిగా ఉంది. ప్రార్థన రోగులతో మొదలై, వానలు, పంటలు, దేశాలు, ఏలికలు, అన్నిటినీ చుట్టబెట్టుకుంటూ సాగింది. మధ్యలో రంగు గోళ్ళ అమ్మాయి ఓరకంట చూసి, మైకు చెవిలో ఏదో ఊదింది. వాడు కళ్ళు తెరిచాడు. తాత ఎడమ చెయ్యి వణుకుతూ గాల్లో నిలబడి ఉంది! ఇంక ఆ గొంతుకు పట్టపగ్గాల్లేవు. "స్తోత్రం, స్తోత్రం" అని మిగతావాళ్ళూ అందుకున్నారు. ఆమెన్ అనేసరికి తాత చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

దుప్పటి సర్దబోయిన పెద్దక్క చెయ్యి తడిలో పడింది. మంచం కింద ఒంటేలుకి పెట్టే బెడ్‌పాన్ పొడిగానే ఉంది. ఆమె నోరెత్తకుండా పిల్లలందరినీ వరండాలోకి పంపేసింది.

పక్క మారుస్తూ ఆయా గొణిగింది. "అంతసేపా అమ్మా ప్రార్థన? పాపం, చెయ్యి పడిపోయేదాకా ఎత్తే ఉంచాడు. మధ్యలో వస్తే తప్పేమోనని నేనూ ఆగిపోయా."

తాత మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. పెద్దక్కకు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

ఆమె వరండాలోకి వచ్చేసరికి మైకు నిలబడి చెబుతున్నాడు. "చెయ్యెత్తి స్తుతించాడక్కా! కన్నీళ్ళు కార్చాడు! ఇదే నా సూచన. రేపు ఆరాధనలో సాక్ష్యం చెప్తా. చదువు మానేస్తున్నా."

పిల్లల మొహాలు వెలిగిపోతున్నాయి. పెద్దక్క గడప దగ్గరే ఆగిపోయింది. చెప్పకపోతే ఎవరికి నష్టం? తాతకా మాట లేదు. ఆయా చెప్పదు. వీడు ఈ సంతోషంలో మంచి పాస్టరే అవుతాడేమో. ఊరుకోవాలనే అనిపించింది ఆమెకు, నిజంగానే అనిపించింది. కానీ ఇన్నేళ్ళూ పిల్లల చేత నిజం కక్కించి, తన వంతు వచ్చేసరికి నీళ్ళు నమిలితే ఇంకెందుకీ వరండా?

"ఒరేయ్ మైకూ, ఇలా రా."

పెరట్లో కుళాయి కింద బకెట్లో దుప్పటి ఉంది. దాన్ని చూపించింది.

"తాత స్తుతించలేదు నాన్నా. పాన్ అడిగాడు. మనం ఇవ్వలేదు. ఇదిగో."

వాడి మొహం మొదట పాలిపోయింది, తర్వాత ఎర్రబడింది. "రెండూ అయ్యుండొచ్చుగా?"

"అయ్యుండొచ్చు. వెళ్ళి ఆయన్నే అడుగు."

"అడగను! మూడు నెలలక్కా! కడుపు మాడ్చుకుని అడుక్కుంటే ఇచ్చాడు. మీరు లాగేసుకుంటున్నారు. ఊరుకుంటే మీదేం పోయింది?"

"నాదేం పోలేదు. ఆయన పరువు పోయింది. నేనూ కళ్ళు మూసుకుని నీ వెనకాలే ఆమెన్ అన్నాన్రా. ఆ చెయ్యి ఎందుకు లేస్తుందో తెలిసి కూడా! నా తప్పు నేనిప్పుడే పోయి చెప్పుకుంటా. రేపు సాక్ష్యంలో ఏం చెప్తావో నీ ఇష్టం. సబ్బు గట్టు మీదుంది."

గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. వెనక్కి చూస్తే కరిగిపోతానని ఆమెకు తెలుసు.

"తప్పయిపోయింది బాబాయ్, క్షమించండి" అంది తాత మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని. తాత గోడవైపే చూస్తున్నాడు. బయట కుళాయి చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. వెళ్ళిపోయాడు కాబోలు అనుకుంది పెద్దక్క. అంతలోనే దుప్పటి బాదుతున్న చప్పుడు మొదలైంది. దబా దబా! ఆ దెబ్బల్లో కోపమే ఎక్కువగా ఉంది. ఉండనీ అనుకుంది, కోపంతో ఉతికినా మురికి పోతుంది.

మైకు మోచేతుల దాకా తడిసి లోపలికి వచ్చాడు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడి గొంతు అంత సన్నగా పలకడం పెద్దక్క అంతకు ముందెప్పుడూ వినలేదు.

"తాతా, మీరు పిలిచారు. నేను చూశాను. చూసి కూడా అదంతా నా కోసమే అనుకున్నాను. క్షమించండి."

తాత మెల్లిగా ఇటు తిరిగాడు. ఎడమ చెయ్యి లేచింది. మైకు రెప్ప వెయ్యకుండా చూశాడు.

"నీళ్ళా తాతా? పాన్ కావాలా? కిటికీ మూయనా?"

ఆ చెయ్యి పోయి పోయి మాసిన గెడ్డం మీద వాలింది.

"గెడ్డం గియ్యనా?"

తాత కళ్ళు ఒకసారి మూసి తెరిచాడు. "డ్యూటీ చేసినన్నాళ్ళూ గెడ్డంతో బండెక్కలేదంట. ఈయన కూతురు చెప్పింది" అంటూ ఆయా మంచం కింది పెట్టెలోంచి సబ్బుగిన్నె, రేజరు, కొయ్యపిడి బ్రష్షు తీసిచ్చింది. బొటనవేలు ఆనేచోట ఆ పిడి అరిగి గుంటపడింది.

మైకు తన గెడ్డమే సరిగ్గా గీసుకోవడం రానివాడు. "చర్మం బిగపట్టు. పైనుంచి కిందికి. తొందరేం లేదు" అని పెద్దక్క పక్కనే నిలబడింది. నురగ పట్టించాడు. చెమటలు కక్కుతూ ఒక చెంప పూర్తి చేశాడు. తాత చెయ్యి వాడి మణికట్టు మీద ఉంది, నేర్చుకునేవాడి చేత బండి తోలిస్తున్నట్టు. మైకు రేజరు కడుక్కోవడానికి గిన్నెవైపు వంగాడు. ఆ చెయ్యి జారి పరుపు మీద పడింది.

"తాతా?"

పెద్దక్క నాడి చూసింది. మెడ దగ్గర వేళ్ళు పెట్టి మళ్ళీ చూసింది. "వెళ్ళిపోయాడురా" అంది.

"నేనేమన్నా చేశానా అక్కా?"

"లేదు నాన్నా. ఆయన టైమొచ్చింది."

వాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. కాసేపటికి "ప్రార్థన చెయ్యనా?" అన్నాడు.

"చేద్దువుగాని. ముందు ఆ రెండో చెంప పూర్తి చెయ్యి. సగం గెడ్డంతో పంపిస్తామా ఆయన్ని?"

మైకు కళ్ళు తుడుచుకుని రేజరు అందుకున్నాడు. చిన్న గాటు కూడా పడకుండా గీశాడు. తడిగుడ్డతో మొహం తుడిచి, జుట్టు దువ్వాడు. అప్పుడు రెండే ముక్కలు ప్రార్థన చేశాడు, కళ్ళు తెరిచే.

వరండాలో పిల్లలు బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారు. "చివర్లో తాత ఏమన్నా చెప్పాడా అన్నా?" అని అడిగింది రంగు గోళ్ళ అమ్మాయి.

"గెడ్డం గియ్యమన్నాడు. గీశాను." అన్నాడు మైకు. "ఇందాక ఆయన చెయ్యెత్తింది స్తుతికి కాదు. పాన్ కోసం. నేను అరుస్తూ ఉంటే ఆయన పక్క తడుపుకుని ఏడ్చాడు. రేపు చర్చిలో కూడా ఇదే చెప్తా."

"మరి చదువు?"

"తెలీదు. సూచన రాలేదుగా. సోమవారం క్లాసుకెళ్తా."

వాడు తలొంచుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. పెద్దక్క వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎన్నో సాక్ష్యాలు విన్నది, ఇంత గర్వం ఎప్పుడూ కలగలేదు. ఆ మాట పైకి అంటే వాడు మళ్ళీ చెడిపోతాడని నోరు మూసుకుని వాడి వీపు మీద చెయ్యి వేసింది.

తాతను స్ట్రెచరు మీద తీసుకెళ్ళాక, లోపల ఆయా ఆయన పక్క ఎత్తేసి, పరుపు చుట్టేసింది. కిటికీ గట్టు మీద కొయ్యపిడి బ్రష్షు నిలబెట్టి ఉంది. దాని కుచ్చులో నురగ ఇంకా ఆరలేదు.