పందొమ్మిదో పేరు

డెల్ఫా స్టర్జిల్ గొంతు పోయిందన్న కబురు సోర్‌వుడ్ లోయంతా పాకడానికి ఒక పూట కూడా పట్టలేదు. లెక్సింగ్టన్ డాక్టర్లు మెడ దగ్గర కోసి ఏదో కణితి తీశారు. ప్రాణం దక్కింది కానీ, మాట గుసగుస దాటి పైకి రావడం లేదు. విన్నవాళ్లంతా అయ్యో పాపం అనుకుని తమ పనుల్లో పడ్డారు. ఆర్విల్ కాడిల్ మాత్రం చేతిలో పని అక్కడే పడేశాడు. వారం తిరిగితే సమాధులు అలంకరించే ఆదివారం. ఆ రోజు సమాధుల కొండ మీద డెల్ఫా పాడకపోతే, తన నాన్న పేరు ఈ భూమ్మీద ఇంకెక్కడా వినబడదు.

ఇరవై ఒక్క ఏళ్ల కిందట, 1958లో, మూడో నంబరు గని పేలి పందొమ్మిది మంది పోయారు. ఆర్విల్ తండ్రి ఎన్నిస్ జేబులో అగ్గిపెట్టె దొరికిందనీ, అతను సిగరెట్టు ముట్టించబట్టే గ్యాసు అంటుకుందనీ కంపెనీ కాగితం పుట్టించింది. దాని మీద సాక్షి సంతకం లవెల్ ఫ్రేలీది. రోజూ పనివాళ్లకంటే ముందు గనిలో దిగి, గ్యాసు ఉందో లేదో చూసి రావలసిన మేస్త్రీ ఆయనే. ఎన్నిస్ జన్మలో సిగరెట్టు తాగి ఎరగడు. పుగాకు నమిలేవాడు, అదీ దారి పొడవునా ఉమ్ముతూ. ఆ సంగతి లోయలో కుక్కలకి కూడా తెలుసు. అయినా ఎవరూ నోరు మెదపలేదు. అందరి పొయ్యిలో నిప్పూ కంపెనీదే మరి. పోయినవాళ్ల జ్ఞాపకంగా కోర్టు ముందు కంపెనీ నిలబెట్టిన నల్లరాయి మీద పద్దెనిమిది పేర్లే చెక్కించారు.

నోరు విప్పింది డెల్ఫా ఒక్కతే. అప్పటికి ఆవిడ గనివాళ్ల పూటకూళ్ల ఇంట్లో గిన్నెలు తోముకునే మనిషి. తమ్ముడు కూడా ఆ పేలుడులోనే పోయాడు. శవాలు పైకి వచ్చిన వరసలో, ఒక్కో మనిషికి ఒక్కో చరణం చొప్పున పాట కట్టింది. ఆఖరి చరణం ఎన్నిస్‌ది. ఆ పాట మొదటిసారి విన్నప్పుడు ఆర్విల్‌కి ఇరవై ఏళ్లు. గోడకి చేరగిలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. మర్నాడే తను వాయించే బాంజో భుజాన వేసుకుని ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

అప్పటినుంచీ ఆవిడ ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లాడు. యూనియన్ హాళ్లలో, సమ్మె శిబిరాల్లో, ఊపిరితిత్తుల్లో బొగ్గు పేరుకుని కూర్చోలేక కూర్చున్న ముసలివాళ్ల ముందు, లారీ మీద, వానలో, ఎక్కడ నిలబెడితే అక్కడ పాడింది. ఒకసారి సమ్మెలో తుపాకులు పట్టుకుని వచ్చిన పోలీసుల ముందు పాడుతుంటే, వాళ్లలో ఒకడు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఐదడుగులు కూడా లేని ఈ మనిషిలో అంత ధైర్యం ఎక్కడ దాగుందో ఆర్విల్‌కి ఏనాడూ అంతుబట్టలేదు.

అన్నిటికంటే అంతుబట్టనిది నాష్‌విల్ సంగతి. అక్కడో పెద్ద రికార్డు కంపెనీ పిలిచి స్టూడియోలో నిలబెట్టింది. పాట విని దొరబాబు కళ్లు తుడుచుకున్నాడు. ఆ తరవాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, పాట బంగారం. ఆ చివరి పేరొక్కటి తీసెయ్యండి. బొగ్గు కంపెనీ కేసు పెడుతుందని మా వకీళ్లు భయపడి చస్తున్నారు."

"పద్దెనిమిది చాలంటారా?"

"చాలమ్మా, బ్రహ్మాండంగా చాలు."

డెల్ఫా గిటారు పెట్టెలో పెట్టి మూత వేసింది. "లేవరా ఆర్విల్. బస్సుకి టైమవుతోంది."

వీధిలోకి వచ్చాక ఆర్విల్ ఆగిపోయాడు. "అక్కా, నీ జీవితం మారిపోయేదే. ఒక్క పేరు కోసం..."

"ఒక్క పేరేంట్రా తిక్కసన్నాసీ? మీ నాన్న!"

ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆర్విల్‌కి ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

పండగ ముందు రోజు ఆర్విల్ ఆవిడ ఇంటికి వెళ్లాడు. డెల్ఫా అరుగు మీద కూర్చుని, సమాధుల మీద పెట్టడానికి కాగితపు పూలు కరిగించిన మైనంలో ముంచి ఆరబెడుతోంది.

"రేపు ఎలా అక్కా?" అన్నాడు.

"బాంజో ఇంట్లో పడేసి రా," అంది గుసగుసగా.

"బాంజో కూడా లేకుండా? నీకా గొంతు లేదు. నేను పాడితే సమాధుల్లోవాళ్లు లేచి పారిపోతారు."

"పాడేది నువ్వూ కాదు, నేనూ కాదు. నోరు మూసుకుని ఈ పూలు పట్టు."

ఆదివారం కొండ నిండా జనం. చెట్ల కింద బల్లల మీద మొక్కజొన్న రొట్టెలూ, వేయించిన కోడీ, ఎండు యాపిల్ కేకులూ దుప్పట్ల కింద ఎదురుచూస్తున్నాయి. ముందు చర్చి కీర్తనలు. ఆ చర్చిలో వాయిద్యాలు నిషిద్ధం. సంఘపెద్ద ఒక పంక్తి గబగబా అందిస్తాడు, జనం దాన్ని అందుకుని కొండలు నిండేలా సాగదీస్తారు. పెద్ద అందివ్వనిదే తరవాతి పంక్తి ఎవరూ ఎత్తుకోరు. ఇప్పుడా సంఘపెద్ద ఎవరో కాదు, లవెల్ ఫ్రేలీయే. పేలుడు తరవాత గని మానేసి దేవుణ్ణి పట్టుకున్నాడు. ఏటా కీర్తనలు అయ్యాక ఆర్విల్ బాంజో తియ్యగానే, వాయిద్యం పాపమని టోపీ పెట్టుకుని కొండ దిగిపోయేవాడు. ఆయన పారిపోయేది బాంజోకి జడిసి కాదని ఆర్విల్‌కి తెలుసు.

కీర్తనలు ముగిశాయి. లవెల్ అలవాటుగా టోపీ పెట్టుకున్నాడు. బాంజో లేదు. కొండ దిగడానికి సాకు లేక అక్కడే ఆగిపోయాడు.

డెల్ఫా ముందుకొచ్చి, మొదటి పంక్తి గుసగుసగా అందించింది. "మొదటివాడు క్లైడ్ మాగర్డ్, పెళ్లై పది రోజులవాడు."

జనం మొహాలు చూసుకున్నారు. ఆడమనిషి పంక్తి అందివ్వడమా, అదీ కీర్తన కాని పాటకి! ఎవరూ పలకలేదు. ఇక ఆర్విల్ సిగ్గు విడిచి, కాకి గొంతుతో తనే అందుకున్నాడు. వెనకనుంచి ఒక ముసలమ్మ కలిసింది. తరవాత నలుగురు, తరవాత నలభైమంది. రెండో పేరుకి కొండంతా పాడుతోంది. డెల్ఫా ఒంటిగా పాడినప్పుడు పాట మనిషిని ఉన్నచోటే నిలబెట్టేసేది. ఇవాళ కాళ్ల కింద నేల కదులుతున్నట్టుంది.

పద్దెనిమిదో పేరు అయింది. డెల్ఫా నోరు తెరిచింది. పెదాలు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. గొంతు పట్టుకుని తల ఊపింది.

ఆ పంక్తి అందరికీ వచ్చు. అయినా అందివ్వనిదే ఎత్తుకోకూడదు. వందల మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆర్విల్ అందివ్వబోతే నాలుక పిడచగట్టుకుపోయింది. డెల్ఫా ఎవరినీ బతిమాలలేదు. తిరిగి లవెల్ వంక చూసి, అలాగే నిలబడింది.

ముసలాయన టోపీ తీశాడు. ఇరవై ఏళ్లుగా చివరిదాకా వినకుండా పారిపోయిన పాటలోని ఆఖరి పంక్తి, ఒక్క అక్షరం తప్పకుండా, సంఘపెద్ద గొంతుతో గట్టిగా అందించాడు.

"పందొమ్మిదోవాడు ఎన్నిస్ కాడిల్, జేబులో అగ్గిపుల్ల లేనివాడు."

కొండంతా అందుకుంది.