కాలు తొక్కితే ఎక్కే ముల్లు

నేను ఒక కంప్రెషన్ గేజిని. బతుకు మొదలుపెట్టినప్పుడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఒక గుండ్రటి డయలు, అందులో ఒక ముల్లు, మూరెడు రబ్బరు గొట్టం, వచ్చిన గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు. ఇంజను సిలిండరు గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చెప్పడమే నా వ్యాపారం. స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, ఆ రంధ్రంలో నన్ను బిగిస్తారు. ఒకరు సీట్లో కూర్చుని తాళం తిప్పుతారు. ఇంజను నాలుగు చుట్లు తిరిగేసరికి నా ముల్లు ఎక్కుతుంది, ఎక్కిన చోటే నిలబడుతుంది. పక్కనున్న బొత్తాం నొక్కితేనే దిగుతుంది. నూటముప్పై పౌండ్లు చూపితే ఇంజనులో సత్తా ఉన్నట్టు. తొంభై అయితే లోపల అరిగినట్టు.

లూధియానాలో తయారై, రాజమండ్రి ఖాదర్ మేస్త్రి షెడ్డుకి చేరాను. "యాక్సిలేటరు అడుగంటా తొక్కి పట్టు, అప్పుడు తిప్పు" అని సీట్లో ఉన్నవాడికి ఆయన ప్రతిసారీ అరిచి చెప్పేవాడు. తొక్కకపోతే ఇంజనులోకి గాలి సరిగ్గా రాదు. రాని గాలిని ఏ సిలిండరు నొక్కుతుంది? కొట్టు తలుపులు మూసి బేరాలు లేవనుకోవడం లాంటిది అది. నడుం నొప్పితో మేస్త్రి షెడ్డు మూసేసినప్పుడు సామాన్లు తలో చేతికీ పోయాయి. నేను రామచంద్రపురం భూషణానికి దక్కాను.

భూషణం పాత కార్లు కొని అమ్ముతాడు. నా కిటుకు తొందరగానే పట్టేశాడు. అమ్మేటప్పుడు తనే సీట్లో కూర్చుని కాలు నిండుగా తొక్కేవాడు. కొనేటప్పుడు బావమరిది తాతాజీని కూర్చోబెట్టేవాడు. తాతాజీ అడ్డంగా కూర్చుని, కాళ్ళు రెండూ తలుపు బయటికి వేలాడేసి, చెయ్యి మాత్రం లోపలికి చాచి తాళం తిప్పేవాడు. కారు గలాయన బానెట్ దగ్గర నిలబడి నా ముల్లునే చూసేవాడు. మనుషుల్లో ఈ గుణం వ్యాపారానికి బాగా పనికొస్తుంది. అంకె కనబడితే చాలు, అది ఎక్కడినుంచి వచ్చిందని అడగరు. కొన్నప్పుడు తొంభై చూపిన కారే అమ్మేనాటికి నూటముప్పై చూపేది. రెండుసార్లూ నాకు అందిన గాలికే నేను లెక్క చెప్పాను.

ఒకరోజు పొద్దున్న సత్యవేణి అనే ఆవిడ తెల్ల అంబాసిడర్ నడుపుకుంటూ వచ్చింది. పక్క సీట్లో మొగుడు అబ్బులు. అద్దెకి తిప్పిన బండి అది. అతనికి చూపు మందగించి స్టీరింగు వదిలేశాడు. వాళ్ళకున్న ఆస్తి అదొక్కటే. సరైన ధర వస్తే టిఫిన్ కొట్టు పెట్టుకోవాలని వచ్చారు.

భూషణం నన్ను ఒక్కో సిలిండరుకీ బిగిస్తుంటే తాతాజీ ఎప్పటిలాగే తాళం తిప్పాడు. నాలుగు సిలిండర్లూ తొంభై దగ్గరే ఆగాయి.

"ఇంజను అయిపోయిందక్కా," అన్నాడు భూషణం జాలిగా. "ఇనప సామాన్లోడికి తూకానికెయ్యడమే. మీరని తీసుకుంటన్నాను."

"నిన్న ద్రాక్షారం దాకా ఎల్లొచ్చాం భూషణం, బానే లాగింది," అన్నాడు అబ్బులు.

"ఇయ్యాళ లాగుద్ది, రేపు ఆగిపోద్ది బావా. నా మాటెందుకు, ముల్లు చూడు."

ముల్లు చూడమన్నది చూపు సరిగ్గా లేనివాణ్ణి.

సత్యవేణి బానెట్ మీద చెయ్యి వేసి నిమిరింది. చివరికి తలూపింది.

"ఇచ్చేత్తాంలే. ఆఖర్సారి తాళం నా చేత్తో తిప్పనియ్యి తమ్ముడూ. ఇన్నేళ్ళు కూడు పెట్టిన బండి."

"ప్లగ్గులు ఊడదీసున్నాయక్కా, స్టార్టవ్వదు."

"అవ్వాపోతే మానె. తిరిగిన చప్పుడింటాను."

భూషణం తాతాజీని దిగమని సైగ చేశాడు. కాలు తొక్కొద్దంటే ఎందుకని అడుగుతారు. టీ తాగుతున్న డ్రైవర్లు ఇద్దరు పక్కనే ఉన్నారు.

ఆ కారు రోజూ యాక్సిలేటరు అడుగంటా తొక్కితే గానీ అందుకునేది కాదు. చెయ్యి తాళం మీద పడగానే ఆవిడ కాలు దాని పని అది చేసేసింది. నేనింకా నాలుగో సిలిండర్లోనే ఉన్నాను. నా ముల్లు తొంభై దాటి, నూటపది దాటి, నూటముప్పై దగ్గర నిలబడింది. భూషణం వేలు బొత్తాం మీదికి వచ్చేలోగా ఒక డ్రైవరు అరిచాడు.

"ఇదేంటండీ, నూటముప్పై కొట్టింది!"

సత్యవేణి దిగి వచ్చి చూసింది. బొత్తాం నొక్కి ముల్లు దించి, తాతాజీని మళ్ళీ తిప్పమంది. తొంభై. అప్పుడు ఆవిడ నన్ను వదిలి, తలుపు వైపు నడిచింది.

"ఏం బాబూ, కాళ్ళు వీధిలో ఎట్టుకుని ఏ కారు నడిపేవు నువ్వు?"

"ఆ కాళ్ళు ఎక్కడెట్టాలో వాళ్ళ బావ చెప్తాడక్కా," అన్నాడు డ్రైవరు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

భూషణం మొహం కందిపోయింది. నన్ను ఊడబెరికి తుక్కు డ్రమ్ములో పడేశాడు. "ఈ గేజి పాడైపోయిందక్కా. దీన్ని నమ్మి నేనూ మోసపోతన్నాను."

"ఇంకెందుకూ పనికిరాదా?"

"రాదు."

"పారేసిందేగా, మేం అట్టుకెల్తాం."

వద్దంటే నేను బాగున్నట్టు భూషణం ఒప్పుకోవాలి. ఆవిడ డ్రమ్ములో చెయ్యి పెట్టి నన్ను తీసుకుంది.

"ప్లగ్గులు బిగించు తాతాజీ. దానికి కాళ్ళతో పనిలేదు, చేతులు చాలు."

అంబాసిడర్ ఇప్పుడు అద్దెకి ఆవిడే తిప్పుతోంది. అబ్బులు పక్క సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు విని గేరు మార్చమంటాడు. నేను డిక్కీలో, జాకీ పక్కన, పాత తువాల్లో ఉంటాను. ఊళ్ళో ఎవరు పాత కారు బేరమాడినా ముందు సత్యవేణిని పిలుస్తున్నారు, నన్ను తెమ్మంటున్నారు.

భూషణం దగ్గర ఉన్నన్నాళ్ళూ నాకు మంచి పేరుంది. పాడైన సరుకని నలుగురి ముందూ అనిపించుకున్నాక గిరాకీ వచ్చింది. పేరు ఖర్చు రాసుకుని, గిరాకీ జమ కట్టుకున్నాను. తేడా చూస్తే లాభమే.