మందపాటి బిళ్ల

"దానికేం తెలీదండీ."

ఈ మాట నాగేంద్రబాబు నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ముమ్మిడివరంలో రేషన్ కార్డు రాసే గుమాస్తా "మీ ఆవిడ ఎంతవరకూ చదివింది?" అని అడిగితే, పదో తరగతి ప్యాసైన సత్యదుర్గ పక్కనే నిలబడి ఉండగా అదే చెప్పాడు. బొంబాయిలో వీసా ఏజెంటుకీ అదే చెప్పాడు. కువైట్ వచ్చి ఒకే ఇంట్లో అతను డ్రైవరుగా, ఆమె పనిమనిషిగా చేరిన రోజున, ఇంటావిడ "ఈమెకి ఏమేం పనులొచ్చు?" అంటే, ఎవరినో అడిగి అరబ్బీలో నేర్చుకుని మరీ చెప్పాడు, "మా తారిఫ్" అని. ఆమెకి తెలియదు. ఇంటావిడని పనివాళ్లంతా మామా అంటారు. ఆ మామా నవ్వి, ఏమీ తెలియని మనిషికి రెండంతస్తుల ఇల్లు అప్పగించింది. వంట, బట్టలు, ఇస్త్రీ, పన్నెండు కిటికీల అద్దాలు, వచ్చిపోయే చుట్టాల టీలూ కాఫీలూ, అన్నీ. ఆరేళ్లుగా సత్యదుర్గ ఏమీ తెలియకుండానే అవన్నీ చేసుకొస్తోంది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో గుప్పెడు నీళ్లతో బియ్యం కడుగుతూ ఆమె ఆ మాటే తలుచుకుంటోంది. ఇరాక్ సైన్యం వచ్చి తొమ్మిది రోజులైంది. ఫోను పనిచెయ్యడం లేదు. రొట్టెల దుకాణం మూసేశారు. తాముండే సబా అల్ సలేంలో ఇళ్లిళ్లూ గాలిస్తున్నారు, ఎదురింటి కారు నిన్ననే తోలుకుపోయారు. వీధిలో ఏ లారీ చప్పుడైనా ఆమె చేతిలో పని ఆపి చెవి ఒగ్గేది. వాళ్లొస్తే ఏదో అడుగుతారు. అడిగితే నాగేంద్రబాబే ముందు నోరు విప్పుతాడు, ఎప్పట్లాగే. ఆ నోట్లోంచి ఏమొస్తుందోనన్న భయం ఆమెకి సైనికుల భయంతో సమానంగా ఉంది.

ఎందుకంటే మెట్ల కింద సామాన్ల గదిలో, బియ్యం బస్తాల వెనక షహర్‌బాను ఉంది. ఈ ఇంటి పిల్ల. పందొమ్మిదేళ్లది. అమ్మానాన్నలు జులైలో లండన్ వెళ్తూ పిల్లని రిగ్గైలో అత్త ఇంట్లో దింపి వెళ్లారు. పుస్తకాలు తీసుకుపోదామని బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి ఆ పూటకి ఉండిపోయింది. తెల్లారేసరికి వీధి చివర ట్యాంకు నిలబడి ఉంది. ఇక రిగ్గైకి కాదు కదా, గేటు దాకా కూడా వెళ్లలేకపోయింది. కువైటీ ఆడపిల్ల ఒంటరిగా దొరికితే ఏమవుతుందో చుట్టుపక్కల ఇళ్ల పనిమనుషులు గోడల మీంచి గుసగుసగా చెప్పుకున్నారు. ఆ కబుర్లు విన్నాక సత్యదుర్గకి రెండు రోజులు అన్నం సయించలేదు.

ఒక పూటంతా కూర్చుని పిల్ల ఆనవాళ్లన్నీ మాయం చేసింది. గోడల మీది ఫొటోలు తీసి గుడ్డలో చుట్టి నీళ్ల ట్యాంకు వెనక దాచింది. కాలేజీ పుస్తకాలు, జోళ్లు, అత్తర్లు, దువ్వెనలో చిక్కుకున్న పొడుగు వెంట్రుకలు కూడా వదల్లేదు. పిల్ల గది చూస్తే ఏళ్ల తరబడి ఎవరూ ఉండనట్టుంది. పనిమనిషి తలుచుకుంటే ఒక మనిషిని ఇంట్లోంచి తుడిచెయ్యగలదు, తుడవడమే కదా ఆమె పని.

"రేపు పొద్దున్నే జోర్డానుకి బస్సుందంట," అన్నాడు నాగేంద్రబాబు వంటింటి గుమ్మంలోకి వచ్చి. మనిషి సగమైపోయాడు, గడ్డం మాసిపోయింది. "మనోళ్లందరూ ఎల్లిపోతన్నారు. మనమూ ఎక్కేద్దాం."

"మరి పాపో?"

"పాపేంటే పాప! కన్నోళ్లు లండన్‌లో సల్లగా కూచున్నారు. దాచిపెట్టినోళ్లని గోడకి నిలబెట్టి కాల్చేత్తన్నారంట. ఆళ్ల పిల్ల కోసం మనం సావాలా?"

"ఒంటరి పిల్లండీ. ఆకలేత్తే అన్నం వండుకోవడం కూడా తెలీదు."

"నీకేం తెలుసని మాటాడతన్నావే? నోర్మూసుకుని సంచి సద్దు."

అతను చెప్పింది అబద్ధమేం కాదు. కాలుస్తున్నారు. సత్యదుర్గకి కూడా బతకాలనే ఉంది. మొగుణ్ణి తప్పుపట్టలేక, అతని మాట వినలేక, కడిగిన బియ్యాన్నే మళ్లీ కడిగింది. ఆ నీళ్లు కూడా పారబొయ్యడానికి లేదు, బాత్రూముకి పనికొస్తాయి.

ఆ పిల్ల ఆమెకి ఏమవుతుందంటే ఏమీ కాదు. కానీ ఈ దేశంలో ఆమెని "కూర్చో" అన్న మనిషి ఆ పిల్ల ఒక్కతే. ఎనిమిది నెలల కింద ఒక మధ్యాహ్నం, మామా పడుకున్న వేళ, పై గదిలో దుమ్ము దులుపుతుంటే గుడ్డ తగిలి గిటారు తీగ ఒకటి మోగింది. తిట్లు పడతాయనుకుని సత్యదుర్గ బిగుసుకుపోయింది. షహర్‌బాను మంచం మీద జరిగి చోటిచ్చి "కూర్చో దుర్గా, ఇంకోసారి మోగించు" అంది. ఆ తర్వాత దాదాపు ప్రతి మధ్యాహ్నం అరగంట. పిల్లకి కొన్నాళ్లకి విసుగొచ్చి గిటారు వదిలేసింది. సత్యదుర్గ మాత్రం వదల్లేదు. పై గదిలో అయితే మామాకి వినబడుతుందని వంటింటి పక్కన తన గదికి తెచ్చుకుని, మొగుడు కారు తీసుకెళ్లిన వేళ చూసుకుని వాయించుకునేది. మొగుడు ఒకసారి అది మంచం మీద చూసి "పాప నీ గదిని కూడా కొట్టుగది చేసేసిందా?" అన్నాడు. ఆమె అవునంది.

తీగలు మీటడానికి ప్లాస్టిక్ బిళ్లలుంటాయి. పిక్ అంటుంది షహర్‌బాను, సత్యదుర్గకి మాత్రం బిళ్లే. ఖర్జూరం డబ్బా నిండా రకరకాలు ఉండేవి. కాగితంలా వంగేవి, గోరులా గట్టిగా ఉండేవి, మూడు మూలలవి, మొన గుండ్రంగా అరిగినవి. "ఊరికే ఏదో ఒకటి పట్టుకోకూడదు," అని చెప్పింది పిల్ల. "నువ్వు ఎలా వాయిస్తావో చూసుకుని ఏరుకోవాలి. తీగలన్నీ ఒకేసారి నిమురుతూ తాళం వేసేవాళ్లకి పల్చటిది హాయి. నువ్వు అలా కాదు. ఒక్కొక్క తీగా వెతుక్కుంటూ పాట వరస పలికిస్తావు. పైగా నీ చెయ్యి చూడు, దుప్పట్లు పిండే చెయ్యి. పల్చటిది నీ చేతిలో పడితే గిలగిలా కొట్టుకుంటుంది. నీకు మందపాటిదే కావాలి, మొన కొంచెమే బయటికి ఉంచి గట్టిగా పట్టుకో."

ఆ మాట నిజమని సత్యదుర్గకి మొదటి రోజే తెలిసింది. మందపాటి నల్ల బిళ్లతో మీటితే తీగ తడబడకుండా గొంతు విప్పి పలికింది. ఆ పలుకుకి ఆమే ఉలిక్కిపడింది. ఎవరైనా వింటారేమో! వెంటనే దాన్ని డబ్బాలో వేసేసి పల్చటి తెల్లది తీసుకుంది. అది చప్పుడు తక్కువ చేస్తుంది. సరిపడదని తెలిసీ ఎనిమిది నెలలూ దానితోనే వాయించింది. పల్చటివి మూడు విరిగాయి కూడా. పుట్టింట్లో చిన్నగా నవ్వమన్నారు, అత్తింట్లో గాజులు మోగకుండా అంట్లు తోమమన్నారు, ఇక్కడ రబ్బరు చెప్పులిచ్చి ఇంట్లో అడుగుల చప్పుడు కాకూడదన్నారు. గిటారు దగ్గర కూడా ఎవరూ చెప్పకుండానే తనే తనకి ఆ మాట చెప్పుకుంది.

గేటు మీద తుపాకీ మడమతో కొట్టిన చప్పుడైంది.

నలుగురు వచ్చారు. ముందున్నవాడు అధికారి, నలభై దాటినవాడు, మీసం సగం నెరిసింది. నాగేంద్రబాబు రెండు చేతులూ ఎత్తేసి, అడక్కముందే మొదలుపెట్టాడు. "హిందీ సార్, మేం ఇండియావాళ్లం. నేను డ్రైవర్ని, ఇది నా భార్య. ఇంటివాళ్లు లండన్‌లో ఉన్నారు. ఇంకెవరూ లేరు సార్." చెప్పాల్సిందే చెప్పాడు. సత్యదుర్గ ఊపిరి తీసుకుంది. పైన బీరువాలు తెరుస్తున్న చప్పుళ్లు వినిపిస్తున్నాయి.

వంటింటి వైపు వెళ్లిన సైనికుడు గిటారు పట్టుకుని వచ్చాడు, పనిమనిషి మంచం మీద దొరికిందన్నాడు. రెండో చేతిలో ఖర్జూరం డబ్బా ఉంది.

ఇంత తుడిచి, వెంట్రుకతో సహా ఏరి, దాన్నెలా వదిలేసింది? మరిచిపోయిందా? మరిచిపోలేదు. ఆ పూట తన గదిలోకి నాలుగుసార్లు వెళ్లింది, మంచం మీద దాన్ని నాలుగుసార్లూ చూసింది. పిల్ల వస్తువులు దాచాలనుకుంది గనక పిల్ల వస్తువులే దాచింది. ఇది ఆ లెక్కలోకి రాలేదు. ఎనిమిది నెలలుగా మనసులో ఎక్కడో ఇది తనదైపోయింది. ఎవరికీ చెప్పని ఆ చిన్న ఆశ ఇప్పుడు ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి తెచ్చింది. తనని తాను నరికేసుకోవాలన్నంత కోపం వచ్చింది ఆమెకి.

"ఎవరిది ఇది?" అన్నాడు అధికారి ఆమెని చూస్తూ.

"మా తారిఫ్ సార్," అన్నాడు నాగేంద్రబాబు గబగబా. "ఆమెకేం తెలీదు సార్. పనిమనిషి, ఏం తెలీదు."

"తెలియకపోతే ఆమె మంచం మీద ఎందుకుంది? ఇది కుర్రకారు వాయించేది. ఈ ఇంట్లో చిన్నవాళ్లెవరో ఉన్నారు. ఎక్కడ?"

నాగేంద్రబాబు కళ్లు చప్పున మెట్ల వైపు తిరిగి, మళ్లీ వెనక్కొచ్చాయి. అతను కావాలని చూడలేదు. భయపడ్డ మనిషి కళ్లు అలాగే పోతాయి. పెదవులు కూడా కదులుతున్నాయి. ఇంకొక్క ప్రశ్న అడిగితే చెప్పేస్తాడు. ఒక సైనికుడు అప్పుడే మెట్ల కిందికి నడుస్తున్నాడు.

"నాది," అంది సత్యదుర్గ.

పరాయివాళ్ల ముందు మొగుడు మాట్లాడుతుండగా ఆమె నోరు విప్పడం అదే మొదలు. గొంతు పీలగా వచ్చింది. మళ్లీ అంది. "గిటారు నాది. మామా వద్దంటుందని దాచుకుని వాయిస్తాను. ఈయనకి తెలీదు. ఈయనకేం తెలీదు."

అధికారి ఆమె ఎడమ చెయ్యి తీసుకుని వేళ్ల కొసలు చూశాడు. తీగలు నొక్కేవాళ్లకి అక్కడ కాయలు కడతాయి. ఆమె చేతికి కాయలు లేని చోటేదీ? బట్టల సోడా, బ్లీచింగ్ తిన్న చెయ్యి అది. అతనికి ఏమీ తేలలేదు. "నేను ఊద్ వాయించేవాణ్ణి," అన్నాడు. "అది కూడా తీగలదే. మీటే పుల్ల ఎవరిది వాళ్లకే నప్పుతుంది. నీదైతే నీ బిళ్ల నువ్వు పట్టగలవు." డబ్బా బోర్లించి బిళ్లలన్నీ బల్ల మీద పోశాడు. "తియ్యి. వాయించు."

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ తెల్లదాని మీదికి పోయింది. పల్చటిది. వణుకుతున్న వేళ్ల మధ్య అది తీగలకి తగిలి పటపటమని కొట్టుకుంది. పాట రాలేదు. అధికారి మొహంలో నమ్మకం పోయింది. మెట్ల కింద సామాన్ల గది గొళ్లెం కదిలిన చప్పుడైంది.

సత్యదుర్గ తెల్లదాన్ని బల్ల మీద పెట్టేసింది. కుప్పలోంచి నల్లది తీసింది. మొన కొంచెమే బయటికి ఉంచి బొటనవేలితో గట్టిగా పట్టింది. అది వణకలేదు, వణకడానికి దానిలో మెత్తదనమే లేదు. ఊడుపుల్లో అమ్మ పాడే పాట వరస ఒకటి ఆమెకి బాగా వచ్చు. అదే మొదలుపెట్టింది. మొదటి తీగ మోగేసరికి ఆ పెద్ద హాలంతా మోగింది. ఆపలేదు. బట్టలు బండకేసి బాదినంత బలం పెట్టి, ఒక్కొక్క తీగే, తప్పుల్తో సహా, గట్టిగా వాయించింది. పైనున్నవాడు మెట్లు దిగి వచ్చాడు. గొళ్లెం మీద చెయ్యేసినవాడు కూడా తలుపు తియ్యకుండా వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆమె వాళ్లనెవరినీ చూడలేదు. తలెత్తితే ఏడుపొస్తుందని తీగల్నే చూస్తూ వాయించింది. ఇంత భయంలోనూ, ఈ చెయ్యి ఇలా పలుకుతుందని తెలిసీ ఇన్నాళ్లూ పలకనివ్వనందుకు ఆమెకి తన మీదే మంటెత్తింది.

పాట అయిపోయింది. అధికారి బల్ల మీది బిళ్లల్ని తిరిగి డబ్బాలోకి తోశాడు. "ఇది నీదే," అన్నాడు చివరికి. కారు తాళాలు తీసుకున్నాడు, టీవీ మోయించాడు. గుమ్మం దగ్గర ఆగి, "రేపు సాయంత్రం మళ్లీ వస్తాను, ఇంకా వినాలి," అని వెళ్లిపోయాడు.

లారీ చప్పుడు దూరమయ్యాక నాగేంద్రబాబు నేల మీద కూలబడ్డాడు. భార్యని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నాడు. "ఎప్పుడు నేర్చుకున్నావే ఇది?" అన్నాడు. ఆమె అప్పటికే మెట్ల వైపు నడుస్తోంది. రేపు సాయంత్రం దాకా గడువుంది. ఆ లోపల ఈ ఇంట్లో ఎవరూ ఉండకూడదు.

సామాన్ల గది తలుపు తీసింది. షహర్‌బాను నోట్లో చున్నీ కుక్కుకుని, నిలువునా చెమటతో తడిసి ఉంది. సత్యదుర్గ తన పాత నైటీ తెచ్చి తొడిగింది, తలకి తన గుడ్డ కట్టింది, చేతికి తుడుపు కర్రా బకెట్టూ ఇచ్చింది. "చేతులు బకెట్టు వెనకే ఉంచు పాపా. మెత్తటి చేతులు చూస్తే పట్టేస్తారు. తలొంచుకుని నా వెనకే రా. ఇద్దరు పనిమనుషుల మొహాలు ఎవరూ పరకాయించి చూడరు. మీ అత్త ఇంటికి పోదాం."

"ఎక్కడికే?" నాగేంద్రబాబు లేచాడు. "రిగ్గై దాకానా? ఈ ఎండలో, దారిపొడుగునా ఆళ్లే ఉంటే! నీకేమన్నా పిచ్చా?"

"మీరు రేపు బస్సెక్కండి. నాకు అందితే ఎక్కుతాను. లేకపోతే తర్వాతిదానికి వత్తాను."

గిటారుని సోఫా మీదే వదిలేసింది. నల్ల బిళ్ల మాత్రం పిడికిట్లో ఉంది. అంత భయంలో దాన్ని కింద పెట్టడం మరిచిపోయింది, గేటు దగ్గర చూసుకున్నాక పెట్టాలనిపించలేదు.

"దారిలో ఆపి అడిగితే ఏం చెబుతావే?" అన్నాడు నాగేంద్రబాబు వెనకనుంచి.

"ఏం తెలీదంటాను," అంది సత్యదుర్గ గేటు గడియ తీస్తూ. "ఇన్నాళ్లూ ఆ మాట మీరు చెప్పారు. ఇక మీదట ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో నేను చూసుకుంటాను."