నడుమెత్తు అలలు

కంపెనీ పుట్టినప్పుడు దాని ఆస్తి ఒక గది, రెండు కుర్చీలు, ఒక టెలిఫోను, దానికి తగిలించిన టేపు మెషిను. గది కింద, అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డులు బాగుచేసే షాపు. అక్కడి జిగురు వాసన మెట్లెక్కి వచ్చి పటాలకీ బట్టలకీ పట్టుకునేది. కంపెనీ పెట్టింది ఒక అక్కా తమ్ముడూ. అక్క అంతకుముందు ఓడరేవు ఆఫీసులో వాతావరణ పటాలు గీసేది. తమ్ముడు చదువు ఒంటబట్టక సముద్రానికి అతుక్కుపోయినవాడు. దూరాన ఎక్కడ తుపాను పుట్టిందో, దాని అలలు ఎన్ని గంటలకు ఒడ్డు చేరతాయో ఆమెకు తెలుసు. ఆ అలలు ఎప్పుడొస్తాయా అని కళ్లలో ప్రాణం పెట్టుకుని చూసేవాళ్లు అతనికి తెలుసు. ఆ రెండూ కలిస్తే కంపెనీ అయింది.

రోజూ సాయంత్రం ఆమె మర్నాటి అలల సంగతి దగ్గర్లోని నాలుగు తీరాలకూ విడివిడిగా టేపులో చెప్పేది. ఫోను చేసినవాళ్లకు ఆ గొంతు వినిపించేది. మీటర్లలో చెబితే ఎవరి బుర్రకూ ఎక్కడం లేదని ఒంటికొలతలు కనిపెట్టింది ఆమే. మోకాలెత్తు, నడుమెత్తు, ఛాతీ ఎత్తు, తలెత్తు, అన్నిటికన్నా పైన తలదాటి. తలదాటి అని టేపు చెప్పిన మర్నాడు ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఎంతమందికి కడుపునొప్పి వచ్చేదో లెక్కలేదు. ఆమె అసలు పేరు మరిచిపోయి అందరూ అలలక్క అనడం మొదలుపెట్టారు.

మూడో ఏట చిక్కొచ్చింది. ఆ నాలుగు తీరాల్లో ఒకటి నది సముద్రంలో కలిసే మొగ పక్కనున్న చిన్న తీరం. ఒకప్పుడు తమ్ముడు తప్ప అక్కడికి పోయేవాడు లేడు. ఇప్పుడు టేపు పుణ్యమా అని నలభైమంది తోసుకుంటున్నారు. అతను రోజూ గొణుక్కుంటూ వచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"అక్కా, మొగ దగ్గర రేపు నడుమెత్తు అని చెప్పు."

"రేపు అక్కడ తలదాటి వస్తుందిరా."

"తెలుసు. అందుకే చెప్పమంటున్నా. ఎవరికి నష్టం? పెద్దదని పిలిచి చిన్నది చూపిస్తే తిడతారు గానీ, చిన్నదంటే హాయిగా పడుకుంటారు."

ఆమె కుదరదంది. అతను రెండు రోజులు మూతి ముడుచుకుని, పెట్టింది తినకుండా తిరిగాడు. తల్లి పోయాక వాణ్ని పెంచిన చేతులు ఆమెవి; వాడి అలకకు ఎప్పుడూ ఓడిపోయేది. మూడోరోజు అతను అడిగినట్టే చెప్పడానికి టేపు ముందు కూర్చుంది. మొదటిసారి నాలుక తడబడితే చెరిపేసి మళ్లీ చెప్పింది. ఆపైన మొగ దగ్గర పెద్ద అలలు వచ్చే ప్రతిసారీ అలాగే చెప్పింది; అయిదోసారికి తడబాటు కూడా పోయింది.

ఆ అయిదోసారి మర్నాడు తమ్ముడు ఆఫీసుకు రాలేదు. సాయంత్రం ఆమె ఇంటికెళ్తే కుడిచేతికి గుడ్డ చుట్టుకుని పెరటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. రాయి కోసుకుందన్నాడు. వారం రోజులు జ్వరమన్నాడు. మొగ దగ్గర చేపల పడవ తిరగబడిందని పేపర్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. పడవలవాళ్లకు సముద్రం గురించి మనం చెప్పాలా అని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. అయినా ఆ పేపరును నాలుగుసార్లు చదివింది.

ఎనిమిదోరోజు పొద్దున తమ్ముడు ఆఫీసుకొచ్చి, పటాల బీరువా వెనక పాత కాగితాలు సర్దుతున్నాడు. అప్పుడు యాభై ఏళ్ల మనిషి ఒకడు కాలీడ్చుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. పడవ తనదేనన్నాడు. తమ రేవు నది లోపల వంపులో ఉంటుందనీ, మొగ కంటికి కనిపించేసరికి నీటి ఊపుకు పడవ వెనక్కి తిప్పడం కష్టమనీ చెప్పాడు. అందుకని ఏడాదిగా ఐసు ఫ్యాక్టరీ ఫోనులో ఈ టేపు విని బయల్దేరుతున్నారట. ఆ రోజు పడవలో ముగ్గురు: ఈయన, ఈయన అల్లుడు, ఈయన తమ్ముడు. బోర్డు మీద ఎవరో కుర్రాడు వచ్చి ఈయన్నీ అల్లుణ్నీ ఒడ్డుకు లాగాడు. మూడోవాడైన ఈయన తమ్ముడి కోసం మళ్లీ వెళ్లాడు గానీ దొరకలేదు.

"మెషిను ఎక్కడో పాడై ఉంటుందమ్మా, ఒకసారి చూపించు," అన్నాడు. "మావాళ్లు ఇంకా దాన్నే నమ్ముకుని పోతున్నారు."

తప్పించుకునే దారి ఆయనే ఆమె చేతికి అందించాడు. అవునంటే అయిపోయేది.

"మెషిను బాగానే ఉంది బాబాయ్. అంత పెద్ద అలలు వస్తాయని నాకు ముందురోజే తెలుసు. కావాలనే తక్కువ చెప్పాను."

ఆయన సరిగా వినపడనట్టు ముందుకు వంగాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఎందుకని అడిగితే, జనం అక్కడికి రాకుండా అంది. ఆ మాట బయటికి వచ్చాక అది ఎంత అల్పమైనదో ఆమెకే వినపడింది.

బీరువా వెనకనుంచి తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. "అడిగింది నేను. అక్క వద్దంది."

పడవాయన అతని చేతి కట్టును చూశాడు. తర్వాత ముఖం చూశాడు.

"నువ్వే కదూ," అన్నాడు. "నీకు దణ్ణం పెడదామని వారం నుంచీ వెతుకుతున్నా." కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఇది చెప్పడం నా వల్ల కాదు. మా తమ్ముడి భార్యకు మీరే వచ్చి చెప్పండి."

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. పోయినాయన భార్య గుమ్మంలో నిలబడే అంతా విన్నది. అలలక్క వైపు చూడనేలేదు. తమ్ముణ్ని మాత్రం ఒక్కటడిగింది: రెండోసారి వెళ్లినప్పుడు ఆయన కనిపించాడా అని. ఒక్కసారి కనిపించాడు, చెయ్యి అందలేదు అన్నాడతను. ఆమె తలుపు మెల్లగా మూసింది.

ఆ సాయంత్రం టేపులో తీరాల సంగతికి ముందు అలలక్క జరిగింది జరిగినట్టు చెప్పింది. ఫోన్లు సగానికి సగం పడిపోయాయి. తిట్లు రాసిన ఉత్తరాలు వచ్చాయి. పడవలవాళ్లు రెండేళ్లపాటు ఆ నంబరు ముట్టుకోలేదు. ఆమె వాళ్లకోసం మొగ సంగతి ఒక్కటే చెప్పే వేరే లైను పెట్టి, తెల్లారేసరికి తనే అక్కడ నిలబడి చూసి చెప్పేది. వినేవాళ్లు లేకపోయినా ఒక్కరోజు మానలేదు. పడవాయన అల్లుడు మొదట ఫోను చేశాడు. పడవాయన చివరిదాకా చెయ్యలేదు.

తమ్ముడు మళ్లీ బోర్డెక్కలేదు. కంప్యూటర్లొచ్చాక కంపెనీని పెద్ద ఊరికి మార్చి, తీరం తీరానికీ కెమెరాలు పెట్టించి పైకి తెచ్చాడు. చూసింది చూసినట్టు చూపించేదాని మీదే అతనికి గురి. అక్కాతమ్ముళ్లు పనిమీద రోజూ మాట్లాడుకునేవారు. ఆ రోజు గురించి మాత్రం ఇద్దరూ నోరెత్తలేదు.

కంపెనీకి పాతికేళ్లు నిండాయని చరిత్ర పుస్తకం వేయబోతూ అతను ఫోను చేశాడు. మూడో ఏడు దగ్గర ఆ పడవ సంగతి తనే ఒక పేరా రాశాడట. పోయినాయన పేరు వెయ్యాలా అని అడిగాడు. ఆ సంగతి ఆయన భార్యే చెప్పాలి అంది అక్క. ఈసారి ఒక్కతే వెళ్లింది.

ఆయన భార్య జుట్టు పూర్తిగా నెరిసింది. లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది, ఆ పేరా ఉన్న కాగితం చేతికి తీసుకుని చివరిదాకా చదివింది.

"అబద్ధమేం లేదు," అంది. "ఆయన పేరు మాత్రం వెయ్యకండి. మీ పుస్తకంలో ఆయనకేం పని."

అలలక్క ఆ కాగితం తిరిగి తీసుకుని, మడిచి, ఇంకాసేపు అక్కడే కూర్చుంది. వెళ్లమని ఆమె అనలేదు.