బీప్ తర్వాత

ఈ పిప్పరమెంటు వాసన భరించడం తన వల్ల కాదు, ఈవిడ కాగితం విప్పడం మొదలుపెట్టి ఎంతసేపయింది, కరకరా, కరకరా, వేదిక మీద నలుగురు ప్రాణం పెట్టి వాయిస్తుంటే అమ్మ స్నేహితురాలు వాండా గారికి ఇప్పుడే గొంతులో గరగర పుట్టాలి, పైగా మొదటి భాగం ముగిసీ ముగియగానే చప్పట్లు, నాలుగు భాగాలూ అయ్యేదాకా ఆగాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు, బొజెనా తల తిప్పి ఒక చూపు చూసింది, ఆ చూపుకి వాండా గారి చేతులు ఒళ్ళో పడ్డాయి గానీ నోరు ఊరుకోలేదు, మీ అమ్మ ఉంటే నాకంటే ముందు కొట్టేదమ్మా, కొట్టేదే, ఇద్దరూ ఇద్దరే, చర్చి పాటలు తప్ప మరో సంగీతం ఎరగరు, ఇది వసంతోత్సవమట, బఫలోలో వసంతం, బయట కార్ల పక్కన ఇంకా మసిపట్టిన మంచు గుట్టలు, లోపల తడిసిన ఉన్నికోట్ల కంపు, విరామంలో ప్లాస్టిక్ గ్లాసుల్లో పుల్లటి వైను, దాన్ని చప్పరిస్తూ అద్భుతం అద్భుతం అంటున్న మొహాలు, వాళ్ళ మధ్య నల్ల చొక్కాలో తమ్ముడు లెషెక్, అందరి చేతా వీపు తట్టించుకుంటూ, చూస్తుంటేనే రోత పుట్టింది, నవంబరులో అమ్మని మట్టిలో పెట్టారు, ఏప్రిల్ తిరిగేసరికి వీడు అమ్మ మీద స్వరరచన చేసేశాడు, కన్నతల్లి చావు కూడా వీడికి ముడిసరుకే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫోను పక్కనుండే, ఎవరూ ఎత్తకపోతే కబురు రికార్డు చేసుకునే ఆ పాత ఆన్సరింగ్ మెషీన్ చేత్తో పట్టుకుని ఇది నేను తీసుకోనా అక్కా అన్నాడు, ఆ చెత్తంతా నువ్వే తీసుకెళ్ళరా, నాకెందుకు, అంది, మొన్న ఫోన్లో నువ్వు తప్పకుండా రావాలక్కా అంటే ఏముందిరా అందులో అనడిగింది, వింటావుగా అన్నాడు, అంతే.

రెండో సగానికి దీపాలు తగ్గుతుంటే వాండా గారు మళ్ళీ చెవి దగ్గరికొచ్చింది, నీకో సంగతి తెలుసా, చివరి మూడేళ్ళూ మీ అమ్మ ఆదివారం పదింటి పూజకి రావడమే మానేసిందమ్మా, శనివారం సాయంత్రం పూజకి మారిపోయింది, ఎందుకే జనీనా అంటే నవ్వేసేది, వాండా గారికే మతి తప్పింది పాపం, ఆదివారం పదింటికి అమ్మ చర్చిలోనే ఉంటుంది, ఆ సంగతి బొజెనాకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు, ఉష్, లెషెక్‌ది మొదలైంది.

బీప్, అమ్మా, నేనే, ఈ ఆదివారం రాలేనే, ఆఫీసులో పని తెగడం లేదు, నువ్వు ఇంట్లో లేవుగా, సరే ఉంటా మరి, ఆ మాటల కింద వయోలా వాద్యం ఒక్కటే సన్నగా మూలుగుతోంది, స్పీకర్లలో వస్తున్నది తన గొంతు, బీప్, అమ్మా, కారు మొరాయించిందే, బీప్, అమ్మా, జలుబు చేసింది, నీకు అంటిస్తానేమో, ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు, తర్వాత ఇంకొకరు, ఆ గొంతులో అంత తేనె ఎక్కడిది, అమ్మ ఇంటికి ఇరవై నిమిషాల దారి, వెళ్తే పియెరోగీ కుడుములు పెడుతుంది, మోకాళ్ళ నొప్పులు చెప్తుంది, సాయంత్రం దాకా వదలదు, అందుకే గోడ గడియారం చూసుకుని సరిగ్గా పదీ అయిదుకి ఫోను చేసేది, అమ్మ పూజలో ఉంటుంది, మెషీన్ ఎత్తుతుంది, హమ్మయ్య, ఈ వారానికి గండం గడిచింది, బీప్, బీప్, ఒక్కటీ చెరపలేదా ఆ మనిషి, పక్కన కరకర ఆగిపోయింది, వాండా గారు తననే చూస్తోంది, వయోలా ఆగింది, అయిపోయింది, ఇక్కడితో అయిపోవాలి, చేతులు వాటంతటవే చప్పట్లు కొట్టేశాయి, నిశ్శబ్దంలో ఒక్కతే, హాలంతా తల తిప్పి ఆమె వైపు ఒక చూపు చూసింది, ఇందాక తను చూసినట్టే.

బీప్, అమ్మా, నేనే, ఈ వారం కూడా కుదర్లేదే, వచ్చే వారం తప్పకుండా, ఉంటా, అవతల తను ఫోను పెట్టేసిన చప్పుడు, ఆ వెంటనే ఇంకో చప్పుడు, ఇవతల ఎవరో ఫోను ఎత్తారు, ఊపిరి, ఆ తర్వాత అమ్మ గొంతు, మెల్లగా, సరేలే బొజెన్కా, నీ పని చూసుకో.

ఇప్పుడు జనం లేస్తున్నారు, ఇక్కడ దేనికైనా లేస్తారు, వాండా గారు కూడా లేచింది, చప్పట్లు, లెషెక్ వేదిక మీద వంగుతూ అక్క కోసం వెతుకుతున్నాడు, లేచిన వీపుల మధ్య బొజెనా కూర్చునే ఉంది, వాడి మీద కోపం కూడా రావడం లేదు, శనివారం సాయంత్రం పూజ, మూడేళ్ళు, ప్రతి ఆదివారం పదీ అయిదుకి అమ్మ ఇంట్లోనే ఉంది, ఫోను పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరూ లేరనుకుని కూతురు ఆడుతున్న అబద్ధం పూర్తయ్యేదాకా ఎత్తకుండా వింటూ.