ఆఖరి రెండడుగులు

మా బావ పళ్ళ డాక్టరు. నాది కళ్ళజోళ్ళ షాపు. ఈయన నోళ్ళు తెరిపిస్తాడు, వాడు కళ్ళు తెరిపిస్తాడు అని మా అక్క కొత్తవాళ్ళకి పరిచయం చేస్తూ ఉంటుంది. పదిహేనేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున్నే నేనూ బావా కలిసి గోల్ఫ్ ఆడతాం.

బావ క్లినిక్‌లో కుర్చీ వెనక్కి వాలిస్తే సరిగ్గా కళ్ళెదురుగా, సీలింగు మీద ఒక పెద్ద ఫోటో కనబడుతుంది. సముద్రం ఒడ్డు, గాలికి ఒరిగిన గడ్డి, మధ్యలో చిన్న జెండా. పరాయి దేశంలో ఉన్న ఆ మైదానంలో ఒక్కసారైనా ఆడకుండా పోతే తన ఆత్మ అక్కడే తిరుగుతుందని బావ వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు. నోరు తెరుచుకుని పడుకున్నవాళ్ళు కాదనలేరు కదా.

అక్కడ ఆడాలంటే లాటరీలో పేరు రావాలి. మా ఇద్దరి పేర్లూ ఆరేళ్ళు వేశాం, రాలేదు. ఏడో ఏడు వచ్చింది. జూన్ పదకొండు, ఉదయం ఏడూ నలభై, ఇద్దరు ఆటగాళ్ళు. మెయిల్ చూడగానే బావ, దవడలో దూది పెట్టిన మనిషిని అలాగే వదిలేసి, రోడ్డు దాటి నా షాపులోకి పరిగెత్తుకొచ్చాడు. ఆ మనిషి కూడా మెళ్ళో గుడ్డతో వెనకాలే వచ్చి చప్పట్లు కొట్టాడు.

ఇక చూడండి సంబరం. అక్క టికెట్లు, రెయిన్‌కోట్లు, ఉన్ని మేజోళ్ళు అంటూ జాబితా రాయడం మొదలుపెట్టింది. బావ పళ్ళ అచ్చులు పోసే ప్లాస్టరుతో ఆ మైదానం మొత్తం నమూనా చేసి మా అక్క డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. దిబ్బలూ గుంటలూ ఇసుక గోతులూ అన్నీ ఉన్నాయి. రాత్రి భోజనాల వేళ గరిటె పెట్టడానికి చోటు లేదు. మేం నాలుగో గుంట దగ్గర పచ్చడి జాడీ పెట్టుకుని తిన్నాం.

"గాలి ఇటునుంచి వీస్తుందిరా. నువ్వు కుడివైపు కొట్టావంటే సముద్రంలోకే," అన్నాడు బావ.

"ముందు విమానం ఎక్కనివ్వండి బావా," అన్నాను.

మూడో రోజు ఆ మెయిల్‌ని చివరి దాకా చదివింది అక్క ఒక్కతే. కళ్ళజోడు సవరించుకుని, "ఏవండీ, ఇక్కడేదో షరతుంది," అంది.

షరతు ఇదీ. సొంత క్లబ్బులో, అధికారి ఒకరు పక్కనుండి లెక్కపెడుతుండగా, పద్దెనిమిది గుంటలూ నూరు దెబ్బలకి మించకుండా పూర్తి చేసినట్టు ఒక్కొక్కరూ పదిహేను రోజుల్లోగా సర్టిఫికెట్ పంపాలి. అది లేనివాళ్ళు తాడు అవతల నిలబడి చూడవచ్చు.

బావ పకపకా నవ్వాడు. "నూరా? నాకెప్పుడూ ఎనభై ఎనిమిది దాటదు!"

మా క్లబ్బు సెక్రటరీ రిటైరైన లెక్కల టీచరమ్మ. వెనకాల అందరం స్కేలమ్మ అంటాం. శనివారం ఆవిడ గొడుగూ పెన్సిలూ పట్టుకుని మాతోపాటు బయల్దేరారు. మొదటి గుంట దగ్గర బావ బంతి జెండాకి రెండడుగుల దూరంలో వచ్చి ఆగింది.

"తీసేయండి బావా, అయిపోయినట్టే," అన్నాను అలవాటుగా.

బావ వంగి బంతి తీసి జేబులో వేసుకున్నాడు, అలవాటుగానే.

"డాక్టరుగారూ, ఏం చేశారు?" అన్నారు స్కేలమ్మ.

"అయిపోయిందండీ."

"బంతి మీ జేబులో ఉంటే గుంటలో ఎలా పడుతుంది? ఎత్తినందుకు ఒక దెబ్బ జరిమానా. తీసిన చోటే పెట్టి కొట్టండి."

ఇక్కడ మా ఇంటి ఆనవాయితీ చెప్పాలి. బావ అంటే అక్క మొగుడు. ఆయన బంతి గుంట దాపుకి వచ్చాక కూడా "కొట్టండి" అనడం ఏం మర్యాద? అందుకని పదిహేనేళ్ళుగా "తీసేయండి బావా" అంటూ వచ్చాను, ఆ దెబ్బ లెక్కలో కూడా వేసుకునేవాళ్ళం కాదు. గుంటకొకటి చొప్పున పద్దెనిమిది. మరి నా బంతి ఆగితే? జానెడు దూరంలో ఉన్నా సరే, బావ నడుం మీద చేతులు పెట్టుకుని "ఊఁ, కొట్టరా" అనేవాడు. ఒక్కసారి కూడా వదల్లేదు. అల్లుడి హోదా ఆయనది, బావమరిది బతుకు నాది.

ఆ రోజు దాని ఫలితం తేలింది. మా బావ రెండొందల గజాల అవతలికి బంగారంలా కొడతాడు. ఆ ఆఖరి రెండడుగులే ఆయన జన్మలో కొట్టి ఎరగడు. బంతి ఒకసారి గుంటకి ఎడమనుంచి పోయింది, ఒకసారి కుడినుంచి. పన్నెండో గుంట దగ్గర ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిరిగింది. మొత్తం నూట పదమూడు. నాది తొంభై ఏడు. స్కేలమ్మ నా సర్టిఫికెట్ మీద అక్కడే సంతకం పెట్టేశారు. బావకి వచ్చే శనివారం ఇంకొక్క అవకాశం ఉందన్నారు. ఆ తర్వాత గడువు అయిపోతుంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో బావ నావైపు తిరిగాడు.

"ఒరేయ్, పదిహేనేళ్ళలో ఒక్కసారైనా కొట్టండి అనలేకపోయావా?"

"మిమ్మల్ని ఎలా అంటాను బావా?"

"సర్లే. నువ్వు ఆడు. నేను తాడు అవతల నిలబడి చూస్తా."

ఆ మాట ఆయన కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. నేను చేసిన మర్యాదే ఆయన్ని ముంచింది, ఆయన చూపిన పిసినారితనమే నన్ను గట్టెక్కించింది.

ఇంటికెళ్ళి అక్కకి చెబితే, "ఏడిసినట్టుంది మీ ఇద్దరి సంబడం," అని ఒక స్టీలు గ్లాసు తెచ్చి క్లినిక్ వరండాలో పడుకోబెట్టింది. "రెండడుగుల నుంచి బంతి ఇందులోకి కొట్టండి, రోజుకి రెండొందల సార్లు. ఆ తర్వాతే అన్నం."

వారమంతా అదే పని. పంటి నొప్పితో వచ్చినవాళ్ళు బుగ్గలు పట్టుకుని బెంచీ మీద కూర్చుని లెక్కపెట్టేవాళ్ళు. గ్లాసు టంగుమంటే సగం నొప్పి తగ్గినట్టు మొహాలు పెట్టేవాళ్ళు. మొదటిరోజు నలభై పడ్డాయి. శుక్రవారానికి నూట అరవై.

శనివారం. నాకు సర్టిఫికెట్ ఉంది కాబట్టి తోడుకి ఆడుతున్నాను. బావ ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడాడు. పద్దెనిమిదో గుంట దగ్గరికి వచ్చేసరికి స్కేలమ్మ పుస్తకంలో తొంభై తొమ్మిది. బంతి సరిగ్గా రెండడుగుల దూరంలో ఆగి ఉంది, మిగిలింది ఒక్క దెబ్బ.

బావ నావైపు చూశాడు. అడగడానికి కాదు, పదిహేనేళ్ళ అలవాటు. మొహం చూస్తే చిన్నపిల్లాడిలా ఉంది. తీసేయండి బావా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

నడుం మీద చేతులు పెట్టుకుని, "ఊఁ, కొట్టండి బావా," అన్నాను.

ఒక్క క్షణం గుడ్లురిమాడు. తర్వాత వంగి, ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి గుంట అంచు మీద ఒక చుట్టు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, లోపల పడింది.

"నూరు," అన్నారు స్కేలమ్మ, పెన్సిలు చెవి మీద పెట్టుకుంటూ.

బావ అరవలేదు, గెంతలేదు. తన బంతి తీసుకుని, నా బంతి దగ్గరికి నడిచి, దాన్ని కూడా ఎత్తి నా చేతిలో పెట్టాడు.

"ఇది అయిపోలేదు కదండీ," అన్నారు స్కేలమ్మ.

"మా ఇంటి లెక్కలో అయిపోయిందండీ," అన్నాడు బావ.

నేను బంతిని జేబులో వేసుకున్నాను. ఆయన ఎత్తేటప్పటికి అదింకా గుంటకి ఎనిమిదడుగుల దూరంలో ఉంది.