ఉప్పునీళ్లలో గింజ సమ్మె

నేను ఒక గడ్డిగింజని. నవ్వకండి. మొన్నొక చీమ నన్ను అటూ ఇటూ దొర్లించి, మోత కూలి కూడా రాదన్నట్టు వదిలేసి పోయింది. ఆ అవమానం చాలు. కానీ ఉప్పు విషయంలో మా వంశం ముందు మీ ఆవకాయ జాడీ పత్యం కూడు.

సముద్రపు పాయ ఒడ్డున, పీత కూడా ఆలోచించి అడుగేసే చౌడులో పుట్టాను. మా అమ్మ ఆ ఉప్పుని కాఫీలా తాగేది. అది చూసి హేమసుందరి అనే పరిశోధకురాలు మురిసిపోయి, మమ్మల్ని దూసి కవర్లో వేసుకుని కాలేజీకి మోసుకుపోయింది. ఉప్పెనకి చౌడైపోయిన పొలాల్లో గేదెలకి మేత మొలిపించాలని ఆవిడ ఆశ. మేం మొలవకపోతే ప్రాజెక్టు మూసేస్తారు.

ఆవిడేం చేసింది? గాజుపళ్లెంలో తడికాగితం పరిచి, మమ్మల్ని పడుకోబెట్టి, సముద్రం సిగ్గుపడేంత ఉప్పునీళ్లు పోసింది. అమ్మ తాగింది కదా, పిల్లా తాగుతుందని! మీరు మీ పసిగుడ్డుకి పుట్టగానే గోంగూర పచ్చడి తినిపిస్తారా? మా అమ్మ మొలిచింది కూడా వానలు చౌడుని కడిగాకే. ఆ ఉప్పులో వేరు బయటపెడితే మాడి చస్తా. అందుకే సమ్మె కట్టి పడుకున్నా.

ఆవిడ రోజూ భూతద్దం పెట్టి, "లేవండే, మీ కాళ్లు మొక్కుతా" అని బతిమాలేది. నాకు కాళ్లే లేవు. చదువుకున్న మనిషి, అదీ చూసుకోలేదు.

ఆవిడ గైడు వీరభద్రం గారు గుమ్మంలోంచే చూసి, "చచ్చాయమ్మా. పారేయించు. కమిటీ రాగానే ప్రాజెక్టు మూసేద్దాం" అన్నారు. నిద్రపోయేవాళ్లని పాడెక్కించడంలో మీ మనుషుల చురుకే చురుకు.

అటెండరు ఏసోబుకి వరండా చివరున్న చెత్తబుట్ట విదేశంతో సమానం. కిటికీలోంచి విసిరేశాడు. సరిగ్గా వీరభద్రం గారి ఏసీ గొట్టం కింద పడ్డాం. చుక్క, చుక్క, చుక్క. చప్పటి నీళ్లు! ఒంటికి పట్టిన ఉప్పంతా కడిగేశాయి. ఆయన లోపల కునుకు తీసినంతసేపూ మాకు వానాకాలమే. ఆయన పడుకున్నారు, మేం లేచాం.

కమిటీ వచ్చే రోజు వీరభద్రం గారు కిటికీలోంచి కేకేశారు: "ఏసోబూ! ఆ పిచ్చిగడ్డి పీకెయ్, కారు గేటు దాటింది!"

ఏసోబు వంగి నా పీక పట్టుకున్నాడు. అప్పుడే అటొచ్చిన హేమసుందరి కెవ్వుమంది.

"బాబాయ్, ఆగు! ఈ గడ్డి ఇక్కడికెలా వచ్చింది?"

"మీ చచ్చిన గింజలే అమ్మగారూ... బుట్ట దూరమనీ..."

ఆవిడ గొట్టాన్ని చూసింది, నన్ను చూసింది, గంజిచీరతో సహా బురదలో కూలబడింది. "చావలేదు బాబాయ్! వానకోసం కాసుక్కూర్చున్నాయి! సార్, ఏసీ ఆపకండి సార్!"

ప్రాజెక్టు నిలిచింది. వానలు చౌడు కడిగాక విత్తుతారట. మా అమ్మ చెప్పకుండానే చేసే పనికి వీళ్లకి కమిటీ కావాల్సొచ్చింది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నానండీ, వీటికి మంచినీళ్లు కావాలని" అన్నారు వీరభద్రం గారు. కమిటీ అంతా తలూపింది.

నేనూ ఊపాను. గాలికి లెండి. మీ మాటకి ఊకొట్టే ఖర్మ నాకింకా పట్టలేదు.